ఘాజీని మోసం చేసిన కూరగాయల లిస్టు

స్పై సినిమా అంటే మనకి ఒక టెంప్లేట్ ఫిక్స్ అయిపోయింది. హీరోకి ఒక కోటు, ఒక గన్ను, చిన్నప్పుడే పోయిన నాన్న. ఢిల్లీలో ఎక్కడో ఒక చీకటి గది, గోడ నిండా స్క్రీన్లు. కళ్లజోడు పెట్టుకున్న ఒకబ్బాయి టకటకా నాలుగు కీలు కొడితే పది సెకన్లలో శత్రుదేశం శాటిలైట్ మన చేతిలోకి వచ్చేస్తుంది. సీఎస్ఈ బ్యాచ్ మొత్తం ఒకే వరసలో కూర్చుంటే ఆ సీన్‌కి ఎంత నవ్వొస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

కృష్ణ గారి గూఢచారి 116 వచ్చింది 1966లో. అడివి శేష్ గూఢచారి 2018లో. 2023లో అయితే రెండు నెలల తేడాతో ఏజెంట్, స్పై రెండూ వచ్చాయి. గన్నులు మారాయి, లొకేషన్లు మారాయి, టెంప్లేట్ మాత్రం పెద్దగా మారలేదు. ఈ సినిమాల మీద నాకు కోపమేం లేదు. కొన్నింటిని రెండేసి సార్లు చూశాను కూడా. నా కంప్లైంట్ వేరే. మన బంగాళాఖాతంలో, మన విశాఖలో ఒక అసలైన గూఢచారి కథ జరిగింది. దాని మీద ఒక మంచి తెలుగు సినిమా కూడా వచ్చింది. కానీ ఆ సినిమా సరిగ్గా గూఢచర్యం ఉన్న భాగాన్నే పక్కన పెట్టేసింది.

ఆ సినిమా ఘాజీ. 2017 ఫిబ్రవరి 17న రిలీజైంది. సంకల్ప్ రెడ్డికి డైరెక్టర్‌గా మొదటి సినిమా. రానా, కే కే మీనన్, అతుల్ కులకర్ణి, తెలుగు వెర్షన్‌కి చిరంజీవి గారి వాయిస్ ఓవర్. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా దీనికే వచ్చింది. పాటలు, ఫైట్లు లేకుండా, దాదాపు మొత్తం సబ్‌మెరైన్ లోపలే కథ నడిపి జనాన్ని కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. ఆ క్రెడిట్ ఇచ్చాకే మిగతాది మాట్లాడతాను.

ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం. 1971లో తూర్పు పాకిస్తాన్ విషయంలో యుద్ధం వచ్చేలా ఉంది. మనకి ఉన్న ఒకే ఒక్క ఎయిర్‌క్రాఫ్ట్ కారియర్ విక్రాంత్ తూర్పు తీరంలో ఉంది. దాని బాయిలర్‌లో పగుళ్లు ఉండడంతో పూర్తి స్పీడ్‌లో వెళ్లలేని పరిస్థితి. దాన్ని ముంచేస్తే యుద్ధం సగం అయిపోయినట్టే అని పాకిస్తాన్ లెక్క. అందుకని ఘాజీ అనే సబ్‌మెరైన్‌ని నవంబర్ 14న కరాచీ నుంచి పంపించారు. అది ఒకప్పుడు అమెరికా నేవీలో డయాబ్లో అనే పేరుతో ఉన్నది. కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా రాగలిగే సత్తా వాళ్ల దగ్గర దానికే ఉంది.

ఇది మనవాళ్లకి ఎలా తెలిసింది? ఇక్కడే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒక రకం లూబ్రికేటింగ్ ఆయిల్ దొరుకుతుందా అని పాకిస్తాన్ నేవీ చిట్టగాంగ్‌కి ఒక సిగ్నల్ పంపింది. మనవాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఆ ఆయిల్ వాడేది సబ్‌మెరైన్లు, మైన్‌స్వీపర్లే. అంటే బంగాళాఖాతంలోకి సబ్‌మెరైన్ వస్తోంది. వస్తే అది ఘాజీయే అయ్యుండాలి. అంతే. ఆ సిగ్నల్‌లో ఎక్కడా సబ్‌మెరైన్ అన్న మాట లేదు. ఆయిల్ గురించి ఒక చిన్న ఎంక్వైరీ, దాంతో మొత్తం ప్లాన్ బయటపడింది.

అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ని చప్పుడు లేకుండా అండమాన్ వైపు పంపించేశారు. ఇక్కడ విశాఖలో మాత్రం విక్రాంత్ ఉన్నట్టే నాటకం మొదలుపెట్టారు. రాజ్‌పుత్ అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్‌ని సముద్రంలోకి పంపి, దాని నుంచి ఒక పెద్ద నౌక స్థాయిలో వైర్‌లెస్ మెసేజ్‌లు పంపించారు. ఊళ్లో కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు, రేషన్ సరుకులు భారీగా ఆర్డర్ పెట్టారు. అంత సరుకు ఎందుకంటే వేల మంది తినాలి కదా! మార్కెట్లో ఎవడో ఒకడు చూస్తాడు, చూసినవాడు చేరవలసిన చోటికి చేరవేస్తాడు అన్నది ఆయన నమ్మకం. ఇంకొకటి, విక్రాంత్‌లో పనిచేసే నావికుడు ఒకడు తన తల్లికి ఒంట్లో ఎలా ఉందో అడుగుతున్నట్టు ఒక మామూలు టెలిగ్రాం కూడా పంపించారు. సీక్రెట్ కోడ్ ఏమీ లేదు, ఎవరైనా చదువుకోవచ్చు. చదవాలనే కదా పంపింది. తర్వాత ఆయన రాసిన నో వే బట్ సరెండర్ అనే పుస్తకంలో ఈ ఎత్తుగడ గురించి చెప్పారు.

ఘాజీ విశాఖ ముందుకి వచ్చి కాపు కాసింది. డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి పేలి మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నేవీ చెబుతుంది. తను వేసిన మైన్ల వల్లే, ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాన్ చెబుతుంది. అది అలా ఉంచండి. అది వెతుకుతున్న విక్రాంత్ మాత్రం వందల మైళ్ల అవతల సేఫ్‌గా ఉంది. డిసెంబర్ 4 నుంచి దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి.

క్లాసులో మనం చదువుకునే విషయాన్ని ఒకసారి దీనికి కలపండి. మెసేజ్‌ని ఎంత గట్టిగా ఎన్‌క్రిప్ట్ చేసినా, ఎవరు ఎవరికి పంపారు, ఎంత పంపారు, ఏం సరుకు కొన్నారు అన్నది చాలు, లోపలి విషయం బయటికొచ్చేస్తుంది. దానికి మనం మెటాడేటా అని పేరు పెట్టుకున్నాం. ఆయిల్ ఎంక్వైరీతో పాకిస్తాన్ మెటాడేటా లీక్ చేసింది. కూరగాయల లిస్టుతో కృష్ణన్ గారు ఫేక్ మెటాడేటా తయారుచేశారు. ఒకరు చేసిన పొరపాటునే ఇంకొకరు ఆయుధం చేసుకున్నారు. ఇంతకంటే మంచి ఇంటర్వెల్ బ్యాంగ్ ఏ రైటర్ రాయగలడు చెప్పండి?

మరి సినిమాలో ఏముంది? ఎస్21 అనే మన సబ్‌మెరైన్, ఘాజీ నీళ్ల అడుగున ఎదురెదురుగా పోరాడతాయి. చివరికి మన టార్పెడో తగిలి ఘాజీ పేలిపోతుంది. మన నేవీ చెప్పే కథలో అలాంటి పోరాటమే లేదు, ఉన్నది పాత రాజ్‌పుత్. కల్పన కలిపామని సినిమావాళ్లు ముందే చెప్పుకున్నారు, కాబట్టి అబద్ధం ఆడారని నేను అనను. కానీ హాల్లో ఆ డిస్క్లెయిమర్ ఎంతమంది చదువుతారు? నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివి, 1971 గురించి టెక్స్ట్ బుక్‌లో ఒక పేరా మాత్రమే చూసినవాళ్లకి ఆ సినిమానే చరిత్ర అయిపోతుంది. ఫ్రెండ్స్‌ని ఎవరినైనా అడిగి చూడండి, ఘాజీని ఎవరు ముంచారు అని. రానా అంటారు. నవ్వుతూనే అంటారు, కానీ వేరే జవాబు తెలిసి ఉండదు.

విచిత్రం ఏంటంటే ఆ మరుసటి ఏడాదే హిందీలో వచ్చిన రాజీ కూడా ఇదే విక్రాంత్ చుట్టూ తిరుగుతుంది. అక్కడ ఒక కాశ్మీరీ అమ్మాయి పాకిస్తాన్ ఆర్మీ కుటుంబంలో కోడలిగా వెళ్లి కబురు చేరవేస్తుంది. అందులో గూఢచర్యం ఉంది, కానీ విశాఖ మార్కెట్ లేదు. ఒకే సంఘటన మీద ఏడాది తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. మన ఊళ్ల వాళ్ల పాత్ర మాత్రం రెండింట్లోనూ లేదు.

'ఇవన్నీ పుస్తకాల్లో బాగుంటాయి బ్రో, కూరగాయల లిస్టు మాస్‌కి ఎక్కదు' అని మీలో కొందరు అంటారని తెలుసు. సరే, 2014లో వచ్చిన వెంకటేష్ గారి దృశ్యం గుర్తు తెచ్చుకోండి. హీరో ఒక కేబుల్ టీవీ ఓనర్. చేతిలో గన్ను లేదు. ఆయన ఆయుధాలు బస్ టికెట్లు, హోటల్ బిల్లు, జనం జ్ఞాపకాల్లో తేదీ మార్చేయడం. విశాఖలో కృష్ణన్ గారు చేసింది కూడా సరిగ్గా అదే పని కదా! దృశ్యం చూసి చప్పట్లు కొట్టిన ఆడియన్స్‌కి ఇది ఎందుకు ఎక్కదు? బయట చూసినా, 1943లో ఒక శవానికి తగిలించిన బ్రీఫ్‌కేసులో దొంగ ఉత్తరాలు పెట్టి హిట్లర్ సైన్యాన్ని తప్పుదారి పట్టించిన కథని ఆపరేషన్ మిన్స్‌మీట్ పేరుతో బ్రిటిష్ వాళ్లు సినిమా తీసుకున్నారు. ఎక్కదు అన్న మాట ఆడియన్స్ గురించి కాదు, మన రైటర్ల భయం గురించి అని నా అభిప్రాయం.

ఇదంతా సినిమా పిచ్చితో చెబుతున్నానని అనుకోకండి. 2019 డిసెంబర్‌లో ఏపీ ఇంటెలిజెన్స్ వాళ్లు ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని ఒక కేసు బయటపెట్టారు. విశాఖ హార్బర్ పక్కన ఉండే కొండ పేరే దానికి పెట్టారు. ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్ట్ చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయమై, నౌకలు, సబ్‌మెరైన్ల కదలికల గురించి వాళ్ల చేత చెప్పించుకున్నారన్నది ఆరోపణ. కేసు తర్వాత ఎన్ఐఏకి వెళ్లింది. ఆ నెలలోనే నేవీ తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ వాడకం మీద నిషేధం పెట్టింది.

గమనించారా? 1971లో కావాల్సింది నౌక ఎక్కడుంది అన్న సమాచారమే, 2019లో కావాల్సిందీ అదే. ఎవరూ శాటిలైట్ హ్యాక్ చేయలేదు. ఒక ఫ్రెండ్ రిక్వెస్ట్ సరిపోయింది. రేపు మనలో కొందరు డిఫెన్స్ ప్రాజెక్టుల్లో, బ్యాంకుల్లో, పవర్ గ్రిడ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాం. స్పై అంటే కోటు వేసుకుని ఛేజ్ చేసేవాడు అని సినిమాలు మనకి నేర్పిస్తే, ఇన్‌స్టాలో హాయ్ అని పలకరించేవాడి మీద మనకి అనుమానం ఎందుకొస్తుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. మాది అంతర్వేది. వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసేది మా ఊరి దగ్గరే. మా పల్లిపాలెంలో వేటకెళ్లే బాబాయిలు నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెబుతారు, కొత్త బోటు కనిపిస్తే ఏ రేవుదో పోల్చేస్తారు. ఘాజీ మునిగినప్పుడు కూడా సముద్రం మీద నూనె తెట్టు, తేలుతున్న సామాన్లు చూసి నేవీకి కబురు చెప్పినవాళ్లలో విశాఖ మత్స్యకారులు ఉన్నారు. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు వచ్చింది కుబేర్ అనే చేపల బోటుని హైజాక్ చేసి. అప్పటి నుంచే తీరప్రాంతాల్లో సాగర్ కవచ్ పేరుతో డ్రిల్లులు చేస్తున్నారు, అనుమానం వస్తే వెంటనే చెప్పమని మత్స్యకారులకి నేర్పిస్తున్నారు. దేశానికి సముద్రం మీద కళ్లూ చెవులూ వీళ్లేనండీ. మన స్పై సినిమాల్లో వీళ్లు ఎక్కడ కనిపిస్తారు? హీరో స్పీడ్ బోట్ వెళ్తుంటే పక్కకి తప్పుకునే తెప్ప మీద. తండేల్‌లో శ్రీకాకుళం మత్స్యకారులు పాకిస్తాన్ జైల్లో పడిన కథ చెప్పారు, సంతోషమే. కానీ అందులో వాళ్లు కష్టపడేవాళ్లు. దేశానికి పనికొచ్చే తెలివి ఉన్నవాళ్లుగా కూడా ఒక సినిమాలో చూపించాలి కదా.

చనిపోయినవాళ్ల సంగతి కూడా ఉంది. 2024లో మన నేవీ తన కొత్త రెస్క్యూ వెహికల్‌తో ఘాజీ శిథిలాలని గుర్తించినట్టు వార్తలు వచ్చాయి. అందులో పోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని కూడా చెప్పారు. యుద్ధం చేసిన నేవీయే శత్రువుకి ఆ మర్యాద ఇస్తోంది. మన సినిమాలో మాత్రం ఘాజీ కెప్టెన్ పళ్లు కొరికే విలన్ అయ్యాడు. అసలు కెప్టెన్ జఫర్ మహమ్మద్ ఖాన్ అంత దూరం వచ్చి, లేని నౌక కోసం ఎదురుచూస్తూ పోయిన మనిషి. ఆ ఎదురుచూపు చూపిస్తే మన దేశభక్తి ఏమీ తగ్గదు. పైగా కృష్ణన్ గారి ఎత్తు ఎంత గొప్పదో అప్పుడే తెలుస్తుంది.

నాకు కావాల్సిన సినిమాలో సరుకుల లెక్క రాసే గుమాస్తా ఉంటాడు. ఇంత మాంసం ఎవరికో అని ఆశ్చర్యపోయే విశాఖ కాంట్రాక్టర్ ఉంటాడు. నిద్ర లేకుండా సిగ్నల్స్ వింటూ ఆయిల్ అన్న మాట దగ్గర ఆగిపోయే ఆపరేటర్ ఉంటాడు. తల్లి బాగానే ఉన్నా బాలేదని టెలిగ్రాం రాయాల్సి వచ్చిన కుర్రాడు ఉంటాడు. దీనికి వంద కోట్ల సెట్ అక్కర్లేదు. ఒక పాత ఆఫీసు గది, ఒక రేడియో, ఒక తరాజు చాలు. మన కాలేజీలో షార్ట్ ఫిల్మ్ తీసే బ్యాచ్ ఒకటి ఉంది, ప్రతి ఏడాదీ బ్రేకప్ కథే తీస్తారు. ఈసారి దీన్ని తీయండి. స్క్రిప్ట్ రాయడానికి నేను రెడీ.