తిట్టడానికైనా గ్యాలరీలో ఉండాలి

2019 జులై 27 తెల్లవారుజామున అట్లెటికో మాడ్రిడ్ చేతిలో రియల్ మాడ్రిడ్ 7-3తో చిత్తయింది. లీగ్ మొదలవడానికి ముందు న్యూజెర్సీలో ఆడిన సన్నాహక మ్యాచ్ అది. మొదటి నిమిషంలోనే డియెగో కోస్టా గోల్ కొట్టాడు. సగం ఆటకి 5-0. కోస్టా ఒక్కడే నాలుగు కొట్టి, ఆనక రియల్ డిఫెండర్ కార్వహాల్‌తో కలబడితే ఇద్దరికీ ఎర్రకార్డు చూపించారు. మన శ్రీకాకుళం వైపు అది పడవలు వేటకి కదిలే వేళ. భావనపాడులో, నౌపడలో, టెక్కలి హాస్టల్ గదుల్లో ఫోన్లు పట్టుకుని మేలుకున్న మనం, టీ చల్లారేలోపే తీర్పులు చెప్పేశాం. రియల్ కోచ్ జిదాన్ పని అయిపోయిందన్నాం. డిఫెండర్లు అంత పైకొచ్చి నిలబడితే వెనక ఖాళీ ఎవడు కాస్తాడన్నాం. బంతి పోయాక వెనక్కి పరిగెత్తేవాడు ఒక్కడూ లేడన్నాం.

ఏడాది తిరక్కుండానే అదే జిదాన్ స్పానిష్ లీగ్ గెలిచాడు. 38 మ్యాచ్‌ల్లో ఆ జట్టు ఇచ్చుకున్న గోల్స్ 25. లీగ్ మొత్తంలో అంతకంటే తక్కువ ఇచ్చిన జట్టు లేదు. సన్నాహక మ్యాచ్ ఆడేది కప్పు కోసం కాదు. రోజుకి రెండు పూటలా కసరత్తు చేసి అప్పటికి ఆటగాళ్ల కాళ్లు బరువెక్కి ఉంటాయి. కోచ్ కొత్త కుర్రాళ్లని, కొత్త అమరికలని పరీక్షిస్తాడు, రెండో సగంలో దాదాపు జట్టునంతా మార్చేస్తాడు. అలాగని ఆ స్కోరు ప్రతిసారీ అబద్ధమే చెబుతుందని కాదు. 2018 జులైలో లివర్‌పూల్ చేతిలో 4-1తో ఓడిన మాంచెస్టర్ యునైటెడ్ ఆ డిసెంబరులోనే కోచ్ మొరీన్యోని సాగనంపింది. ఒక ఉదయం చూసి ఏదీ తేల్చలేం. కాబట్టి అంచనా తప్పినందుకు మనల్ని ఎవరూ బోనెక్కించక్కర్లేదు. మన నేరం వేరే ఉంది.

2019 అక్టోబరు 25న, కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడింది. ఏటీకే చేతిలో 5-0తో ఓడింది. కారణం వెతకడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో ఈ జట్టు పుట్టింది ఆగస్టు చివర్లో. రెండు నెలలు నిండకుండానే బరిలోకి దిగింది. కుదురుగా సన్నాహం చేసుకునే వ్యవధే దానికి దక్కలేదు. ఆ సీజన్లో 18 మ్యాచ్‌లకి రెండే గెలిచి అట్టడుగున మిగిలింది. నడిమధ్యలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ని తప్పించారు.

రియల్ మాడ్రిడ్ తిన్న ఏడు గోల్స్ మీద వారం రోజులు గొంతు చించుకున్న మనం, ఈ ఐదింటి మీద నోరు మెదపలేదు. డిఫెన్స్ ఎక్కడ తెగిందో అడగలేదు, కోచ్ పేరేమిటో తెలుసుకోలేదు. కోపమైనా వచ్చిందా అంటే అదీ లేదు. నాది అనుకున్నదాని మీదే మనిషికి కోపం వస్తుంది. అప్పటికీ డెక్కన్ లీజియన్ అని ఒక చిన్న అభిమాన బృందం డప్పులు పట్టుకుని గచ్చిబౌలి స్టేడియంలో గొంతు పోయేలా అరిచింది. వాళ్లని ఈ లెక్కలో కలపను. నేను మాట్లాడుతున్నది మిగతా మన గురించి.

ఆ జట్టు లేచి నిలబడ్డప్పుడైనా మనం వెళ్లామా? కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాక మన కళ్లముందే తీరు మారింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. రెండు జట్లదీ పసుపు రంగే. పట్టికలో పైనున్నందుకు పసుపు చొక్కా హైదరాబాద్‌కి దక్కింది, కేరళ నల్లచొక్కాల్లో ఆడింది. కానీ గ్యాలరీల్లో నిండిన పసుపంతా కేరళది. తమ జట్టు ఒంటిమీద లేని రంగుని వాళ్లు ఒళ్లంతా కట్టుకుని వచ్చారు. ఆట 1-1 అయ్యింది. పెనాల్టీల్లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. భారత ఫుట్‌బాల్‌లో పెద్ద కప్పుల్లో ఒకటి తెలుగు నేలకి వచ్చిన రాత్రి, మన వీధుల్లో ఒక్క టపాకాయ పేలలేదు.

ఆపైన కథ పబ్లిక్‌గా జరిగిందే. డబ్బు కొరత. జీతాలు అందని ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒకే ఒక్క గెలుపు, మళ్లీ అట్టడుగు. చివరికి 2025లో జట్టు చేతులు మారి ఢిల్లీ చేరి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. యాజమాన్యం తప్పు ఉంది, కాదనను. అయితే నిండిన గ్యాలరీని ఎవరూ అంత తేలిగ్గా వేరే ఊరికి తరలించలేరు. మనం ఖాళీగా ఉంచిన కుర్చీలే ఆ జట్టుకి టికెట్టు కొనిచ్చి రైలెక్కించాయి.

సాకులకి మనకి కరువు లేదు. క్రికెట్ అన్నిటినీ మింగేసిందంటాం. క్రికెట్ కేరళలో లేదా, బెంగాల్లో లేదా? హైదరాబాద్ ఇప్పుడు మన రాష్ట్రం కాదంటాం. మాడ్రిడ్ మన జిల్లాలో ఉందా మరి? పోనీ విశాఖ మనదే కదా. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి శ్రీనిధి క్లబ్‌ని ఒప్పుకున్నది విశాఖపట్నం జట్టుగానే. ఆ జట్టు హైదరాబాద్‌లో స్థిరపడింది, శ్రీనిధి డెక్కన్ అయ్యింది, 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. విశాఖకి రావాల్సిన జట్టు ఏమైందని ఉత్తరాంధ్రలో ఎవరం అడిగాం? జట్టు పోయిందని తెలియాలన్నా ముందు అది వస్తోందని తెలిసుండాలి.

ఇక మూడో సాకు, మనవాళ్లకి ఆ ఆట రాదన్నది. ఇది మాత్రం సాకు కూడా కాదు, పచ్చి మతిమరుపు. ఈ దేశపు ఫుట్‌బాల్‌కి వ్యూహం నేర్పిన మనిషి మన పక్కనే బతికాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి కోచ్. 1950 నుంచి 1954 దాకా ఆ జట్టు రోవర్స్ కప్పుని వరుసగా అయిదేళ్లు వదల్లేదు. అలాంటి రహీం భారత జట్టుతో 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లి, యుగోస్లేవియా చేతిలో 10-1తో ఓడి వచ్చాడు. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు.

పది గోల్స్. ఇవాళైతే మనం ఆ పంతుల్ని ఏమనేవాళ్లమో చెప్పక్కర్లేదు. రహీం మాత్రం ఆ పదింటినీ పాఠంగా చదువుకున్నాడు. బూట్లు లేకుండా అంతర్జాతీయ ఆట లేదని తేలిపోయింది, సమాఖ్య వాటిని తప్పనిసరి చేసింది. యూరప్ జట్లు మైదానాన్ని ఎలా పంచుకుంటున్నాయో గమనించి, 4-2-4 అమరికని మనవాళ్లకి అలవాటు చేశాడు. కుర్రాళ్లకి బలహీనంగా ఉన్న కాలితోనే ఆడే పోటీలు, బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించే పోటీలు పెట్టాడు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లేవియా ఎదురైంది. ఈసారి ముందు గోల్ కొట్టింది మనవాళ్లే. ఆఖరికి 4-1తో ఓడారు, నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. పది ఒకటి నుంచి నాలుగు ఒకటికి రావడం వెనక నాలుగేళ్ల పని ఉంది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం ఆ పనికి పంట. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే ఆ జట్టుని నడిపిన రహీం మరుసటేడు జూన్‌లో కన్నుమూశాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిందన్న సంగతి ఎన్ని ఇళ్లలో తెలుసు? రహీం ఎవరో తెలుసుకోవడానికి మనకి 2024లో ఒక హిందీ సినిమా రావాల్సొచ్చింది.

పెద్ద జట్ల సంగతి అలా ఉంచి మన ఒడ్డుకి వద్దాం. సాకులు చెప్పుకోవడానికి ఇక్కడ ఇంకా తక్కువ చోటుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. 61 రోజులు మరపడవలు ఒడ్డునే. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకి పనికి పోయిన కుర్రాళ్లు కూడా చాలామంది ఆ వేసవికి ఇంటికొస్తారు. ఎండ వాలాక భావనపాడు ఒడ్డుకి వెళ్లి చూడండి. పడవలకీ నీళ్లకీ మధ్య తడి ఇసుక గట్టిగా ఉన్నచోట రెండేసి తెడ్లు పాతి గోల్ అంటారు. ఉప్పునీళ్లు తాగి తాగి బంతి కుట్లు ఉబ్బిపోయి ఉంటాయి, తంతే బండరాయిని తన్నినట్టే. గాలికి అది ఎటు తిరుగుతుందో వాళ్లకి ముందే తెలుసు. గోల్‌లో ఉన్నవాడు మోకాళ్ల భయం లేకుండా రెండు పక్కలకీ దూకుతాడు. మెత్తటి ఇసుకలో గంటసేపు పరిగెత్తడమంటే ఎంత దమ్ము కావాలో ఒకసారి దిగి పరిగెత్తి చూస్తే తెలుస్తుంది. ఆ దమ్ము కోసం పెద్ద క్లబ్బులు జీతమిచ్చి ప్రత్యేకంగా శిక్షకుల్ని పెట్టుకుంటాయి.

పక్కనే వల అల్లుకుంటూ కూర్చున్న మన పెద్దలు అనేమాట ఒకటుంది: "బంతి తన్నితే బువ్వొత్తాదేట్రా? రేపు వేరావల్ ఎల్లాల, ఒల్లు దాసుకో." ఆ మాట అన్నవాళ్లది తప్పని నేననను. ఒంటి కష్టంతోనే ఇల్లు నడిపినవాళ్లు ఒంటి గురించి భయపడతారు. తప్పు చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటూ, సంక్రాంతికి మాడ్రిడ్ చొక్కా వేసుకుని ఊళ్లో దిగే మనది. ఆ మాటకి జవాబు చెప్పాల్సింది మనం, చెప్పలేదు. ఆడితే బువ్వెలా వస్తుందో దారి తెలిసినవాళ్లం మనమే. స్పోర్ట్స్ కోటా, రైల్వే జట్లు, పోలీసు జట్లు, స్పోర్ట్స్ హాస్టళ్లు, అన్నీ తెలుసు. ఒక్క కుర్రాడి చేతికి ఒక్క దరఖాస్తు ఇవ్వలేదు.

ఫ్లెక్సీలో మన ఫొటో వేస్తామంటే క్రికెట్ టోర్నమెంటుకి చందా రాశాం. పోర్టు భావనపాడులోనా, మూలపేటలోనా అని ఏళ్ల తరబడి వాదించుకున్నాం. 2023 ఏప్రిల్‌లో మూలపేటలో శంకుస్థాపన అయ్యేదాకా ఆ వాదన ఆగలేదు. కుర్రాళ్లకి నాలుగు గీతలు గీసిన మైదానం కావాలని మాత్రం ఒక్క అర్జీ పెట్టినవాళ్లం కాదు.

జిల్లా గొప్ప చెప్పాల్సొస్తే కరణం మల్లేశ్వరి పేరు తీస్తాం. 2000లో సిడ్నీలో ఆమె కంచు పతకం తెస్తే మనమే తెచ్చినంత పొంగిపోయాం. ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో ఆడపిల్లల చేత బరువులెత్తించిన నీలంశెట్టి అప్పన్న అనే గురువు లేకపోతే ఆ పతకం ఎక్కడిది? ఒక ఊళ్లో ఒక మనిషి ఏళ్ల తరబడి కదలకుండా నిలబడితే ఒలింపిక్స్ దాకా దారి పడుతుందని మన జిల్లాయే రుజువు చేసింది. ఆ రుజువుకి దండ వేశాం, ఇంకోచోట నిలబడమంటే తప్పుకున్నాం.

యూరప్ క్లబ్బులకి సీజన్ ముందు దొరికే సన్నాహక కాలం ఆరు వారాలు, మహా అయితే ఇంకొంచెం. మన ఒడ్డుకి ఏటా ఎనిమిది వారాల పైనే దొరుకుతోంది. హైదరాబాద్ జట్టుకి సీజన్ ఉంది గానీ సన్నాహం లేకపోయింది. మన కుర్రాళ్లకి సన్నాహం ఉంది, సీజనే లేదు. బారువ నుంచి నువ్వలరేవు, భావనపాడు మీదుగా కళింగపట్నం దాకా ఊరికో జట్టు కట్టి, ఆ 61 రోజుల్లో ఒక లీగ్ ఆడించడానికి కోట్లు అక్కర్లేదు. కొన్ని బంతులు, ఒక విజిల్, బూట్లు, రూల్స్ తెలిసిన ఒక రిఫరీ, రోజూ సాయంత్రం వచ్చి నిలబడే ఒక మనిషి చాలు. ఈ చివరిది తప్ప మిగతావన్నీ ఒక్క టోర్నమెంటు ఫ్లెక్సీల ఖర్చుతో వస్తాయి. చివరిది డబ్బుకి రాదు, అందుకే ఇన్నాళ్లూ రాలేదు.

ఆ లీగ్‌లోంచి వచ్చే మన జట్టు మొదట్లో ఓడుతుంది. గడ్డి మైదానం మీద బూట్లతో ఆడటం అలవాటైన పట్నం జట్టు ఏదో వచ్చి ఏడు గోల్స్ కొట్టి పోతుంది. అప్పుడు మన విద్యంతా బయటికి తీద్దాం. డిఫెన్స్ మరీ పైకెక్కిందందాం, మిడ్‌ఫీల్డ్‌లో ఒకడు తక్కువయ్యాడందాం, కోచ్‌ని మొహం మీదే నిలదీద్దాం. ఆ తిట్లు వాళ్లకి పనికొస్తాయి, మర్నాడు సాయంత్రం ప్రాక్టీసుకి మనం కూడా వస్తేనే.