దురదకి కారణం మురికేనా?

సంక్షేమ హాస్టల్లో పిల్లలకి గజ్జి లేస్తే ముందు వినబడే మాట "వీళ్లకి శుభ్రత తెలీదు" అని. ఈ మాటలో వైద్యం లేదు, కులం ఉంది. అదే దురద పెద్దింటి పిల్లాడికి వస్తే "ఏదో అలర్జీ అయ్యుంటుంది" అంటారు!

గజ్జి మురికి వల్ల పుట్టదు. కంటికి ఆనని ఒక పురుగు చర్మంలో దారి తొలుచుకుని గుడ్లు పెడుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ దురద. రాత్రిళ్లు మరీ ఎక్కువ. ఒంటికి ఒళ్లు చాలాసేపు తగిలితే అంటుకుంటుంది. రోజుకి రెండుసార్లు స్నానం చేసే పిల్లాడికైనా సరే, ఇద్దరు ముగ్గురు ఒకే పక్క మీద సర్దుకుంటే వస్తుంది. తొలిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. అంటే గోక్కోని పిల్లాడికీ ఉండొచ్చు. గోక్కునే ఒక్కడిని వెతికి ఇంటికి పంపేస్తే హాస్టల్లో తగ్గదు, పైగా ఇంట్లోవాళ్లకీ పాకుతుంది. డాక్టరు చూశాక గదిలో అందరికీ ఒకే రోజు, మెడ నుంచి అరికాళ్ల దాకా 5 శాతం పెర్మెత్రిన్ పూయాలి. వారానికి మళ్లీ పూయాలి. బట్టలు, దుప్పట్లు ఆ రోజే వేడినీళ్లలో ఉతకాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ నిర్లక్ష్యం పిల్లలది కాదు.

ప్రతి దురదా గజ్జి కాదు. గుండ్రంగా, అంచు ఎర్రగా పాకుతుంటే తామర కావచ్చు. మందుల షాపులో చేతిలో పెట్టే స్టెరాయిడ్ ట్యూబు రాస్తే నాలుగు రోజులు అణిగినట్టుండి తర్వాత ఇంకా పాకుతుంది. సిమెంటు పనిలో చేతులు పగిలి మండుతుంటే కారణం అందులోని క్షారం, క్రోమియం. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు రాత్రంతా మండేది క్యాప్సైసిన్ వల్ల. అది ఉత్త నీళ్లకి వదలదు, నూనె రాసి సబ్బుతో కడగాలి. పొక్కూ మచ్చా లేకుండా ఒళ్లంతా వారాల తరబడి దురద ఉంటే షుగరు, థైరాయిడ్, కాలేయం, కిడ్నీల పరీక్ష చేయించాలి.

ఇన్ని కారణాలుండగా మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే కారణం చెబుతారు: మీరే. చేతి తొడుగులివ్వని మేస్త్రీ, పరుపులివ్వని ప్రభుత్వం ఆ మాట చాటున తప్పించుకుంటాయి.

విద్యార్థి మిత్రులారా, ఈసారి వినతిపత్రంలో సబ్బుల దగ్గర ఆగకండి. మనిషికో మంచం, గదందరికీ ఒకే రోజు మందు, నెలకోసారి డాక్టరు అని రాయండి. గజ్జి వచ్చిన ఏ పిల్లాడినీ ఇంటికి పంపకూడదని కూడా రాయండి.