లక్షల లెన్సుకి రెండు వేల కాళ్ళా?

బోనస్ రాగానే మన ఐటీ జనం లక్షలు పోసి పెద్ద లెన్సు కొంటారు. ట్రైపాడ్ మాత్రం రెండు వేలది చాలట! నేనూ ఆ బాపతే లెండి. నేలపట్టులో గూడబాతుల కోసం బాల్ హెడ్ వదులు చేశానో లేదో, మూడు కిలోల లెన్సు ధబ్బున ఒరిగింది. పట్టుకోబోయి వేలు నలిగింది, పక్షి ఎగిరిపోయింది.

స్టెబిలైజేషన్ ఉందిగా అంటారా? అది వణుకు తగ్గిస్తుంది గానీ, పడిపోయే లెన్సుని ఆపదు బాబూ! 600 ఎంఎంలో కనపడేది నాలుగు డిగ్రీలే. కాళ్ళు కాస్త కదిలినా ఈకలన్నీ మసకే.

సెంటర్ కాలమ్ లేని గట్టి కాళ్ళు కొనండి. పైన గింబల్ హెడ్ పెట్టండి. బరువు మధ్యకి సరిచూసి బిగిస్తే వేలితో తిరుగుతుంది, వదిలేస్తే అక్కడే నిలుస్తుంది. డబ్బు చాలదా? లెన్సు తగ్గించుకోండి, కాళ్ళు కాదు. టెస్టింగ్ ఎగ్గొట్టి రిలీజ్ చేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?