పురుగు మందు ఖాళీ డబ్బాలకు దారేది?

విజయపురి సౌత్: నాగార్జునసాగర్ కుడి కాలువ ఇక్కడే మొదలవుతుంది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల రైతాంగానికి పంటకు ఆధారం ఆ నీరే. చాలా ఊళ్ళలో తాగడానికీ ఆ నీరే. కాలువ పారే రోజుల్లో చెరువులు నింపుకొని, అదే నీటిని శుద్ధి చేసి కుళాయిలకు వదులుకొంటున్నారు.

అదే కాలువ గట్టున సాయంత్రం పూట మరో దృశ్యం కనిపిస్తుంది. పత్తికో, మిరపకో మందు కొట్టి వచ్చిన మనిషి స్ప్రేయర్ ట్యాంకును కాలువలో ముంచి కడుగుతాడు. అడుగున మిగిలిన మందు నీళ్ళు కాలువలోకే పోతాయి. కాళ్ళు చేతులు కడుక్కోవడమూ అక్కడే. డబ్బా గట్టిగా, మూత బాగా బిగిసేలా ఉంటే పారేయబుద్ధి కాదు. ఇంటికి తెస్తాడు. నచ్చనివి గట్టు మీదనే పడి ఉంటాయి. పిల్లలు వాటితో ఆడుకొంటారు, గేదెలు మూతి పెడతాయి, వాన పడితే అవి కాలువలోకి జారతాయి.

ఇంటికి చేరిన డబ్బా ఎన్నో పనులకు వస్తుంది. ఒకరు డీజిలు పోసుకొంటారు, ఒకరు విత్తనాలు దాచుకొంటారు. చేలోకి మంచినీళ్ళు తీసుకుపోయేవారున్నారు, బహిర్భూమికి చెంబుగా వాడేవారున్నారు. వంటనూనె పోసేవారు సైతం లేకపోలేదు. ఇదేమిటని అడిగితే, “సబ్బు పెట్టి నాలుగుసార్లు కడిగాం, ఇంకా ఏముంటుంది?” అంటారు ఇల్లాళ్ళు. ప్లాస్టిక్ గోడలోకి ఇంకిన మందు సబ్బుకు పూర్తిగా రాదు. వాసన పోయినంత మాత్రాన విషం పోయినట్లు కాదు. డబ్బా మెడ దగ్గర, మూత లోపలి అట్ట కింద నిలిచే నాలుగు చుక్కలు ఎవరి కంటా పడవు.

ఆ నాలుగు చుక్కలు ఏం చేస్తాయని తేలిగ్గా తీసుకొనేవారు బీహారు సంగతి గుర్తు చేసుకోవాలి. 2013 జులై 16న సారణ్ జిల్లాలోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది ప్రాణాలు కోల్పోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఈ మందు పేరు పల్నాడులో తెలియని రైతు లేడు. పత్తి మీద దశాబ్దాల పాటు కొట్టిన మందు అది. కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వం ఎప్పుడో చెప్పింది. 36 శాతం ద్రావకాన్ని నిలిపివేస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఇళ్ళ అటకల మీద, గొడ్ల చావిళ్ళలో పడి ఉన్న పాత డబ్బాలకు మాత్రం ఏ ఉత్తర్వూ అందదు.

ఇప్పుడు ఊళ్ళలో ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది. ఇది సంతోషించదగినదే. తిప్పతీగ కషాయం తాగేవారు, పరగడుపున పసుపు నీళ్ళు తాగేవారు, కొర్రలు, సామలు తినేవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తున్నారు. జొన్న సంకటి తిన్న మన పెద్దలకు ఇవేమీ కొత్త కాదు. మంచి తిండి మంచిదే, కాదనేవారు ఎవరు? అయితే ఒళ్ళు శుభ్రపడుతుందని పొద్దున కషాయం తాగి, మధ్యాహ్నం చొక్కా లేకుండా మందు కొట్టి, సాయంత్రం మందు డబ్బాలో తెచ్చిన నీళ్ళు తాగితే ఆ కషాయం ఏం చేయగలదు? ఒంట్లోకి పోయిన పురుగు మందుకు పసుపు విరుగుడు కాదు. మజ్జిగ కాదు, చింతపండు రసం కాదు, కోడిగుడ్డు సొన కూడా కాదు.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటివి ఒక జాతి మందులు. నరం నుంచి కండరానికి కబురు మోసే పదార్థం ఒకటి మన ఒంట్లో ఉంటుంది. పని కాగానే అది కరిగిపోవాలి. దానిని కరిగించే ఎంజైమును ఈ మందులు కట్టిపడేస్తాయి. కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. పురుగు చచ్చేదీ అందుకే, మనిషికి ప్రమాదం వచ్చేదీ అందుకే. చెమటలు పడతాయి, నోట చొంగ కారుతుంది, కంటిపాప చిన్నదై చూపు మసకబారుతుంది, వాంతులవుతాయి, కండరాలు అదురుతాయి, ఊపిరి భారమవుతుంది. మందు నోట్లో పడితేనే ఇలా అవుతుందనుకోవడం పొరపాటు. చర్మం గుండా కూడా పోతుంది. చెమట పట్టిన ఒంటికి, తడిసిన లుంగీకి, ట్యాంకు కారి నానిన వీపుకు మరీ తొందరగా పోతుంది.

మందు కొట్టేది మగవారే గనుక ప్రమాదం వారికేనని ఒక అభిప్రాయం ఉంది. చిక్కటి మందు కొలిచి నీళ్ళలో కలిపేది ఎవరు? డ్రమ్ము నుంచి బిందెతో ముంచి ట్యాంకులు నింపేది ఎవరు? ఇంటికి వచ్చిన బట్టలు ఉతికేది ఎవరు? 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో పత్తి రైతు కుటుంబాలను ఒక సీజన్ పాటు పరిశీలించారు. మందు కొట్టిన సందర్భాలు 323 లెక్కకు రాగా, నూటికి 83కు పైగా సందర్భాలలో ఏదో ఒక విషలక్షణం కనిపించింది. మందు కలిపి ట్యాంకులు నింపిన ఆడవారికి కూడా కొట్టిన మగవారితో సమానంగా ప్రమాదం ఉన్నట్లు అందులో తేలింది. తలనొప్పి, కళ్ళ మంట వస్తే ఎండ దెబ్బ అని సరిపెట్టుకొనే ఆడవారు మన చేలలో ఎంతమంది లేరు?

ఇంట్లో మందు నిలవ ఉంచడం వల్ల మరో కీడు ఉంది. దాని గురించి ఊళ్ళో ఎవరూ పైకి మాట్లాడరు. 1997 నుంచి 2002 వరకు వరంగల్ ప్రభుత్వ ఆస్పత్రికి పురుగు మందు కేసులు 8,040 వచ్చాయి. నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2002లో వచ్చినవారిలో మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్ళ లోపువారు. వారిలో అత్యధికులు తమంతట తాము తాగినవారే. అప్పుల బాధ కొందరిది, ఇంట్లో మాటా మాటా పెరిగి ఆవేశపడినవారు మరికొందరు. ఆ గడియకు మందు చేతికి అందకపోతే బతికి ఉండేవారు వారిలో ఎందరో. అందుచేత ఆ రోజుకు కావలసినంతే కొనాలి, మిగల్చరాదు, మిగిలినా ఇంటి గడప దాటనీయరాదు. కష్టంలో ఉన్నవారిని ఒంటరిగా వదలకుండా ఇంటివారు, ఇరుగుపొరుగువారు కనిపెట్టుకొని ఉండాలి.

మందు లేకుండా పంట ఎలాగని రైతు అడుగుతాడు. అడగడంలో న్యాయం ఉంది. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేస్తుంటే గుంటూరు, పల్నాడు రైతులు అప్పు చేసి ఒకదాని మీద ఒకటి మందులు కొట్టారు. పురుగు పోలేదు, అప్పు మిగిలింది. ఎకరాకు లక్షలు పెట్టి ఉన్న కౌలు రైతుకు “మందు మానేయవయ్యా” అని గట్టు మీద నిలబడి చెప్పడం సులభమే.

అయినా మానినవారు లేకపోలేదు. ఖమ్మం జిల్లా (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు ఉంది. అక్కడా పత్తి, మిరపే. మందుల అప్పులతో చితికిపోయిన ఆ ఊరు కొన్నేళ్ళ ప్రయత్నం తరువాత 2004 నాటికి పురుగు మందు లేని ఊరుగా ప్రకటించుకొంది. ముందుకు తోసింది మహిళా సంఘాలవారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, పేడ మూత్రం ఇంగువ కలిపిన ద్రావణం, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు వారు వాడినవి. పురుగు గుడ్డు దశలో ఉన్నప్పుడే చేను తిరిగి చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యమైనది. వేపగింజల కషాయానికి ఖర్చు తక్కువే గాని ఒళ్ళు వంగాలి. ఎకరాకు 5 కిలోల గింజల పొడిని మూటగట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండి, వడగట్టి, 100 లీటర్లకు పెంచి, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లబడ్డాక కొట్టాలి. వేసవి చివర వేపచెట్ల కింద రాలే గింజలను ఏరి ఆరబెట్టుకొన్నవారికే ఇది సాధ్యం. మన ఊళ్ళలో అవి రోడ్డు మీద తొక్కిడి పడి పోతున్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆకుల నుంచి తీసిందల్లా మనిషికి మంచిదని భ్రమపడరాదు. పొగాకు కషాయం ఆకుదే. అందులోని నికోటిన్ తడి చర్మం గుండా ఒంట్లోకి పోయి వాంతులు, తలతిప్పు తెస్తుంది. పొగాకు పండించే పల్లెల్లో పచ్చాకు కొట్టే కూలీలను అడిగితే ఈ సంగతి చెబుతారు.

ఒక్కసారిగా మానలేనివారు కనీసం డబ్బా సంగతైనా చూసుకోవచ్చు. మందు పోసిన వెంటనే డబ్బాను మూడుసార్లు నీళ్ళతో తొలిచి, ఆ నీళ్ళను స్ప్రేయర్ ట్యాంకులోనే పోయాలి. రైతుకు ఒక్క చుక్క నష్టం లేదు, కాలువకు ఒక్క చుక్క పోదు. తరువాత డబ్బా అడుగున మేకుతో పొడిచి తూటు పెట్టాలి. తూటు పడిన డబ్బాను ఏ ఇల్లాలూ లోపలికి రానివ్వదు. ట్యాంకు కడిగిన నీళ్ళు చేలోనే పోయాలి. మందు కొట్టిన బట్టలు ఇంటిల్లిపాది బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

ఎవరికైనా విషం సోకినట్లు అనుమానం వస్తే బట్టలు విప్పించి, ఒంటిని సబ్బుతో బాగా కడిగి, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి చేర్చాలి. కడిగేవారు చేతులకు తొడుగులైనా, ప్లాస్టిక్ సంచులైనా వేసుకోవాలి. బలవంతంగా వాంతి చేయించరాదు. మందు డబ్బాను సంచిలో వేసి వెంట తీసుకుపోవాలి. దాని మీద ఉన్న పేరు చూస్తేనే డాక్టరుకు ఆట్రోపిన్ సూది వేయాలో, మరొకటి చేయాలో త్వరగా తెలుస్తుంది. డబ్బా ఇంకొక చోటికి పనికి వచ్చేది ఈ ఒక్క సందర్భంలోనే.

చట్టం లేక కాదు. 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. 1971 నాటి నిబంధనల ప్రకారం ఖాళీ డబ్బాలను తిరిగి వాడే వీలున్న చోట బయట వదలరాదు. వాటిని పగలగొట్టి, ఊరికి దూరంగా పాతిపెట్టాలి. ఎర్ర త్రికోణం అతి విషం, పసుపు ఎక్కువ విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ అని డబ్బా మీదనే గుర్తు ఉంటుంది. చదువు రానివారికీ తెలియాలని పెట్టిన ఈ గుర్తుల గురించి అమ్మే దుకాణంలో చెప్పేవారు ఎందరు? అప్పు మీద మందు ఇచ్చి, పంట రాగానే బాకీ వసూలు చేసుకొనే వ్యాపారి, ఖాళీ డబ్బా వెనక్కు తీసుకొనే బాధ్యత మాత్రం తనది కాదంటాడు. పది డబ్బాలు అమ్మినవాడు పది డబ్బాలు తిరిగి తీసుకొని కంపెనీకి పంపితే తప్పేమిటి?

వ్యాపారుల మీదనే భారం వేసి పంచాయతీలు ఊరకుండరాదు. ఊరికి, బావులకు, కాలువకు దూరంగా, వాన నీరు నిలవని మెరక మీద ఒక గదో, కంచె కట్టిన చోటో ఉంటే చాలు, తూటు పెట్టిన డబ్బాలన్నీ అక్కడ చేరతాయి. రైతు సేవా కేంద్రాల సిబ్బంది నెలకొకసారి లెక్క చూసి వ్యవసాయ శాఖ ద్వారా తరలించవచ్చు. తాగునీటి చెరువులు నింపే రోజుల్లోనైనా కాలువ గట్ల మీద స్ప్రేయర్లు కడగకుండా దండోరా వేయించాలి. ఖరీఫ్ పత్తికి మొదటి మందు పడేలోగా కుడి కాలువ వెంట ఉన్న పంచాయతీలు ఈ పని చేపట్టవలసి ఉంది. ఒక గదికి నాలుగు రేకులు, ఒక తాళం కావాలి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం మహిళా సంఘాలవారికి వదిలితే బాగుంటుంది.