పంట నష్టం ఎవరి సర్వీసు రికార్డుకెక్కుతుంది?

అడవిలో ఒక పులి చనిపోయిందనుకుందాం. కారణం రుజువయ్యేదాకా దాన్ని వేటగానే పరిగణించాలని జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమం. తెల్లారేసరికి రేంజర్, డీఎఫ్ఓ అక్కడుంటారు. పోస్టుమార్టం వీడియో తీస్తారు. నివేదిక ఢిల్లీ దాకా వెళ్తుంది. నిర్లక్ష్యం జరిగిందని తేలితే ఎవరిదో ఒకరి సర్వీసు రికార్డులో మచ్చ పడుతుంది. అలా జరగాలి కూడా. పులి బతికుండాలన్న విషయంలో మన సంఘానికి ఎవరితోనూ తగువు లేదు.

అదే రాత్రి ఏనుగులు దిగి రెండెకరాల అరటిని నేలమట్టం చేశాయనుకుందాం. బీట్ ఆఫీసర్ వస్తాడు, ఫొటో తీసుకుంటాడు, పాస్‌బుక్ జిరాక్స్ అడుగుతాడు. ఆ కాగితం రేంజ్ ఆఫీసులో ఎన్నాళ్లుంది, డివిజన్‌లో ఎన్నాళ్లుంది అని పైవాళ్లు కిందివాళ్లను అడగరు. అది ఆగినంత మాత్రాన ఏ అధికారి ప్రమోషనూ ఆగదు. మన బాధంతా ఇక్కడే ఉంది. అధికారుల్లో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉంటారు. కానీ వన్యప్రాణి విభాగంలో ఉద్యోగం ఎదగడానికీ, రైతు పొలం నిలవడానికీ మధ్య ఏ లంకే లేకుండా ఆ వ్యవస్థను కట్టారు.

చట్టం మాత్రం రైతును పూర్తిగా మరిచిపోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్‌లో రెండో షెడ్యూలు జంతువుల గురించి చెబుతూ, మనుషుల ప్రాణానికే కాదు, ఆస్తికి ముప్పు వచ్చినా చర్య తీసుకోవచ్చన్నారు. ఆ ఆస్తిలో పొలంలో నిలిచి ఉన్న పంట కూడా భాగమేనని స్పష్టంగా రాశారు. అడవి పంది ఇప్పుడు ఆ షెడ్యూలులోనే ఉంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వొచ్చు. మరి ఎందుకివ్వరు? సంతకం పెడితే రేపు కోర్టులోనో పత్రికల్లోనో ప్రశ్న ఎదురవుతుంది. పెట్టకపోతే ఏ ప్రశ్నా రాదు. జీతం, సీనియారిటీ, పదోన్నతి అన్నీ సంతకం పెట్టనివాడి పక్షానే ఉన్నప్పుడు కలం ఎందుకు కదులుతుంది? కేరళ ప్రభుత్వం 2022లో అడవి పందుల విషయంలో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. ఓటేసిన రైతు ముందు రేపు నిలబడాల్సిన మనిషి చేతికి కలం ఇచ్చారన్నమాట.

ఇక పైన కూర్చునే రాష్ట్ర వన్యప్రాణి మండలిని చూడండి. ముఖ్యమంత్రి అధ్యక్షుడు, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సభ్య కార్యదర్శి. ఆరో సెక్షన్‌లో సభ్యుల జాబితా ఉంది. శాసనసభ్యులున్నారు, స్వచ్ఛంద సంస్థలున్నాయి, పదిమంది పర్యావరణ ప్రముఖులున్నారు. ఆ పదిమందిలో కనీసం ఇద్దరు గిరిజన ప్రతినిధులు ఉండాలన్నారు, అది మంచిదే. పశుసంవర్ధక శాఖ, మత్స్య శాఖ డైరెక్టర్లున్నారు. పర్యాటక సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ ఉన్నాడు. బ్రిగేడియర్‌కు తగ్గని సైన్యాధికారి కూడా ఉన్నాడు. వ్యవసాయ శాఖ మాత్రం లేదు! రైతు ప్రతినిధి అసలే లేడు. అడవి చూడ్డానికి వచ్చే పర్యాటకుడికి ఆ బల్ల దగ్గర కుర్చీ ఉంది, అడవి అంచున పంట పోగొట్టుకునేవాడికి లేదు. తన సమావేశాల పద్ధతిని మండలే నిర్ణయించుకుంటుంది కాబట్టి, చట్టం మార్చేదాకా ఆగకుండా ఇద్దరు రైతులను ఆహ్వానితులుగా పిలవొచ్చు. పిలవమని మన డిమాండ్.

ఉద్యోగాల నిచ్చెన సంగతి మరీ విచిత్రం. బీట్ ఆఫీసర్ పోస్టుకు మగ అభ్యర్థి 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ఐఎఫ్ఎస్‌కు ఎంపికయ్యే మగ అభ్యర్థికీ అదే పరీక్ష, అదే 25 కిలోమీటర్లు. ఆ ఒక్కరోజు ఇద్దరూ సమానమే. ఆ తర్వాత ఒకరు సర్వీసంతా నడుస్తూనే ఉంటారు. ఇంకొకరు డెహ్రాడూన్‌లో శిక్షణ ముగించి, డివిజన్ చూసి, కన్జర్వేటరై, మెట్టు మెట్టుగా రాజధానికి చేరతారు. ఐఎఫ్ఎస్‌లో మూడో వంతు పోస్టులు రాష్ట్ర సర్వీసు నుంచి పదోన్నతితో నింపాలి. కానీ బీట్ ఆఫీసర్‌గా మొదలైనవాడికి ఆ రాష్ట్ర సర్వీసు మెట్టే అందనంత ఎత్తులో ఉంది. ఏ ఏనుగు ఏ చెరువు గట్టు మీదుగా దిగుతుందో, ఏ వాగు దగ్గర మళ్లించాలో తెలిసిన మనిషి నిర్ణయం తీసుకునే కుర్చీకి చేరడు. ఆ కుర్చీకి చేరినవాడికి అది తెలుసుకునే వ్యవధి ఉండదు.

వ్యవధి అంటే గుర్తొచ్చింది. అఖిల భారత సర్వీసు అధికారిని ఒక పోస్టులో కనీసం రెండేళ్లు ఉంచాలని 2014లో కేడర్ నిబంధనలు సవరించారు. ఏనుగుల డివిజన్‌లో రెండేళ్లంటే దారులు తెలుసుకోవడానికే సరిపోతుంది. మనకు దరఖాస్తు ఇచ్చిన అధికారి ఒకరు, విచారించే అధికారి ఇంకొకరు, డబ్బు మంజూరయ్యేనాటికి మూడో ఆయన. మధ్యలో ‘ఇన్‌చార్జి’ అనే మాట ఒకటుంది. ఆ కుర్చీలో ఉన్నాయన సంతకం పెట్టడు, లేనాయన ఎలాగూ పెట్టలేడు.

కింద సిబ్బంది ఖాళీల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏపీపీఎస్సీ 2025లో 691 బీట్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఒక్కసారిగా అన్ని నింపాల్సి వచ్చిందంటే ఇన్నాళ్లూ ఆ బీట్లను ఎవరు తిరిగారు? పక్క బీటువాడు తిరిగాడు, లేదా ఎవరూ తిరగలేదు. ఏనుగుల వెంట రాత్రంతా టార్చిలైటుతో పరుగెత్తే ట్రాకర్ల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లలో ఎక్కువమంది మన ఊళ్ల కుర్రాళ్లే. ఏనుగు ఎదురైతే ముందు నిలిచేది వాళ్లు. సర్వీసు రికార్డన్నదే లేనిదీ వాళ్లకే.

2025 మే 21న కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి నాలుగు కుంకీ ఏనుగులను అప్పగించింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ బెంగళూరు వెళ్లి అందుకున్నారు. పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది. సంతోషమే, చిత్తూరు రైతు ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే. అయితే కుంకీ ఒంటరిగా పని చేయదు, మావటి ఉండాలి. మావటితనం తరాల విద్య. జీతం, పదోన్నతి, పింఛను ఉన్న కొలువుగా దాన్ని మార్చకపోతే శిబిరం మిగులుతుంది, పనిమంతుడు మిగలడు.

సరిగ్గా అదే రోజు సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. అటవీ అధికారుల పనితీరు నివేదికలను కలెక్టర్లు రాసేలా మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన ఉత్తర్వును కొట్టేసింది. అటవీ అధికారి పనిని అటవీ సర్వీసులోని పై అధికారే అంచనా వేయాలంది. దీన్ని మనం తప్పుపట్టడం లేదు. కలెక్టర్ చేతికి ఆ కలమిస్తే గనుల యజమానుల కోసం అడవి మీద ఎంత ఒత్తిడి వస్తుందో మనకు తెలియనిది కాదు. అయితే అందులోనే ఒక వెసులుబాటు ఉంది. జిల్లా యంత్రాంగం నిధులతో జరిగే అభివృద్ధి పనుల విషయంలో కలెక్టర్ తన అభిప్రాయాన్ని విడి కాగితం మీద రాసి పంపవచ్చు, అటవీ పై అధికారి దాన్ని పరిశీలించాలి. మరి పంట నష్టానికి అలాంటి విడి కాగితం ఎందుకుండకూడదు? డివిజన్‌కు ఎన్ని దరఖాస్తులొచ్చాయి, ఎన్ని రోజుల్లో విచారించారు, ఎన్నింటికి డబ్బు చేరింది అన్న లెక్కను ప్రతి డీఎఫ్ఓ వార్షిక నివేదికకు జతచేయాలి. ఆ లెక్క గ్రామసభలో చదవాలి. రాసేది అటవీ అధికారే అయినా ఆయన ముందు మన లెక్క ఉండి తీరాలి.

మనవైపు తప్పులూ ఉన్నాయి. పొలం చుట్టూ దొంగ కరెంటు తీగ లాగితే ముందు చచ్చేది నీళ్లు కట్టడానికి చీకట్లో వెళ్లిన పక్క రైతే. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. అది ఎవరికీ గర్వకారణం కాదు. మొదటి షెడ్యూలు జంతువును చంపితే కనీసం మూడేళ్ల జైలు. ఇంకోటి, రాత్రి రెండింటికి వచ్చిన బీట్ ఆఫీసర్ మీద ఊరంతా విరుచుకుపడడం మానాలి. ఆయన దగ్గర ఉత్తర్విచ్చే అధికారమూ లేదు, డబ్బూ లేదు. అవి ఉన్నవాళ్లు మన ఊరికి రారు కాబట్టే కోపం దొరికినవాడి మీదికి పోతోంది.

ఈ నెల గ్రామ కమిటీలు చేయాల్సిన పని చిన్నదే. నష్టం జరిగిన ప్రతి రైతు చేత దరఖాస్తు రాయించండి, తేదీ వేసిన రశీదు లేకుండా ఆఫీసు మెట్లు దిగవద్దు. పొలం సర్వే నంబరు, పంట, రశీదు తేదీ, అధికారి విచారణకు వచ్చిన తేదీ, డబ్బు పడితే ఆ తేదీ, ఈ ఐదూ ఒక నోటుబుక్కులో రాసి మండల కమిటీకి అందజేయండి. ఏ కాగితం ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుందో ఆ నోటుబుక్కులు పెట్టుకునే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ను అడుగుదాం.