షికాగో లాటినోలు: దరఖాస్తు నుంచి ఈల దాకా

2025 సెప్టెంబరు నెల మొదలుకొని అమెరికాలోని షికాగో మహానగరంలో కొన్ని పేటల ప్రజలు మెడలో ఈలలు వేసుకుని తిరగసాగారు. ముఖానికి ముసుగులు ధరించిన ఫెడరల్ వలస విభాగం అధికారుల వాహనం వీధిలోకి వస్తే, ముందుగా చూసినవారు ఈల ఊదుతారు. ఆగి ఆగి ఊదితే అధికారులు దగ్గరలో ఉన్నారని అర్థం; ఆపకుండా ఊదితే ఎవరినో పట్టుకుంటున్నారని అర్థం. ఆ శబ్దం విని కాగితాలు లేనివారు ఇళ్ళలోకి వెళ్ళిపోతారు. కాగితాలు ఉన్నవారు ఫోన్లు చేతబట్టుకుని బయటికి వచ్చి, జరుగుతున్నది చిత్రీకరిస్తారు. తల్లిదండ్రులు గడప దాటడానికి జంకిన ఇళ్ళ పిల్లలను ఇరుగుపొరుగువారు బడికి తీసుకువెళ్ళారు. వీధి మూలన టమాలీలు అమ్ముకునే స్త్రీ త్వరగా ఇల్లు చేరాలని కొందరు సైకిళ్ళ మీద వచ్చి, ఆమె గిన్నెలో ఉన్నదంతా ఒక్కసారే కొని, ఆకలితో ఉన్నవారికి పంచిపెట్టారు. టమాలీ అంటే మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, మొక్కజొన్న పొత్తు మీది ఆకులో చుట్టి, ఆవిరి మీద ఉడికించే వంటకం. మన ఆవిరి కుడుముకు దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఈ వార్తలు చదివినప్పుడు జాలి, కోపం రెండూ కలగడం సహజం. కానీ నా మనసు వేరొక ప్రశ్న దగ్గర ఆగింది. ఆ ఈలలు పంచినదెవరు? ఏ ఇంటి పిల్లలను ఎవరు బడికి తీసుకువెళ్ళాలో నిర్ణయించినదెవరు? భయపడిన జనం ఒక్క రాత్రిలో ఇలాంటి ఏర్పాటు చేసుకోలేరు. దాని వెనుక అర్ధ శతాబ్దికి పైబడిన పాఠశాల పోరాటాలు, ఆరోగ్య కేంద్రాలు, చర్చి నేలమాళిగల్లో సమావేశాలు, అన్నింటికీ మించి ఓపికగా నింపిన వేలాది దరఖాస్తులు ఉన్నాయి. అల్పసంఖ్యాక వర్గాల హక్కులను గురించి రాసే పత్రిక తప్పక పరిశీలించవలసిన చరిత్ర ఇది.

లాటిన్ అమెరికా దేశాల మూలాలు గలవారిని అక్కడ లాటినోలు అంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం షికాగో నగర జనాభా 27 లక్షల 46 వేలు. అందులో లాటినోలు 8 లక్షల 19 వేలు, అంటే ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు. అత్యధికులు మెక్సికో మూలాలవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి రైలు మార్గాలకు, ఉక్కు కర్మాగారాలకు, పశువధశాలలకు కూలీలుగా వచ్చారు. పని ఉన్నప్పుడు పిలిచారు. 1930ల ఆర్థిక మాంద్యంలో, అక్కడే పుట్టిన పిల్లలతో సహా ఎన్నో మెక్సికన్ కుటుంబాలను ఆ దేశం రైళ్ళెక్కించి పంపివేసింది. మిగిలినవారు, మళ్ళీ వచ్చినవారు నగరానికి పశ్చిమాన స్థిరపడితే, ఆ ప్రాంతంలోనే విశ్వవిద్యాలయం కట్టాలని సంకల్పించారు. 1965లో అది తెరుచుకునే నాటికి ఆ కుటుంబాలు దక్షిణంగా జరిగి, అంతకు ముందు చెక్ జాతీయులు తమ దేశపు ఊరి పేరు పెట్టుకుని నివసించిన పిల్సెన్ పేటకు చేరాయి. తర్వాత దానికి పశ్చిమాన లిటిల్ విలేజ్ నిండింది. ఇప్పుడు అక్కడి ఇరవై ఆరవ వీధికి స్వాగత తోరణం ఉంది. పెళ్ళి దుస్తుల దుకాణాలు, రొట్టెల అంగళ్ళు బారులు తీరి ఉంటాయి.

ప్యూర్టోరికో వారి కథ వేరు. 1917 నుంచి వారు పుట్టుకతోనే అమెరికా పౌరులు. వీసా అక్కర లేదు, దేశం నుంచి పంపివేస్తారన్న భయం లేదు. అయినా 1966 జూన్‌లో డివిజన్ వీధిలో పోలీసులు ఒక ప్యూర్టోరికో యువకుడిపై కాల్పులు జరిపినప్పుడు ఆ వాడ రెండు మూడు రోజులు భగ్గుమంది. పౌరసత్వ పత్రం ఉన్నా ఇల్లు అద్దెకు దొరకక, మంచి బడి దొరకక, లాఠీ మాత్రం దొరికిన ప్రజల ఆగ్రహమది. రెండేళ్ళ తర్వాత లింకన్ పార్క్ పేటలో హోసే చాచా హిమేనెజ్ అనే యువకుడు ఒక వీధి ముఠాను 'యంగ్ లార్డ్స్' అనే హక్కుల సంస్థగా మార్చాడు. చర్చిలో పిల్లలకు ఉచిత అల్పాహారం, శిశు సంరక్షణ, ఉచిత వైద్యశాల నడిపారు. నల్లజాతి నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌తోను, పేద తెల్లవారితోను కలిసి ఒక కూటమి కట్టారు. అయినా లింకన్ పార్క్ వారికి మిగలలేదు. అద్దెలు పెరిగి వారు పడమటికి వెళ్ళిపోవలసి వచ్చింది. పేదలను పేట నుంచి కదిలించడం ఆ నగరానికి పాత అలవాటు.

పాఠశాలల విషయం కొంత వివరంగా చెప్పాలి. పిల్సెన్ తల్లులు ఏళ్ళ తరబడి పోరాడితే 1977లో బెనితో హువారెజ్ ఉన్నత పాఠశాల తెరుచుకుంది. లిటిల్ విలేజ్‌లో మరో పాఠశాల కడతామని మాట ఇచ్చిన అధికారులు ఆ తర్వాత డబ్బు లేదన్నారు. అదే సమయంలో నగరపు ఉత్తర భాగంలో ప్రవేశ పరీక్షతో చేర్చుకునే కొత్త పాఠశాలలు లేచాయి. 2001 మే నెలలో, మాతృదినోత్సవం నాడు, తల్లులు, అమ్మమ్మలు, యువకులు కలిసి పద్నాలుగు మంది, బడి కడతామన్న ఖాళీ స్థలంలోనే గుడారాలు వేసుకుని నిరాహార దీక్షకు కూర్చున్నారు. పంతొమ్మిది రోజులు కూర్చున్నారు. 2005లో ఆ స్థలంలో పాఠశాల తెరుచుకుంది. ఒకే ఆవరణలో నాలుగు చిన్న పాఠశాలలు. అందులో ఒకటి సామాజిక న్యాయం పేరు మీద. పక్కనున్న నార్త్ లాన్‌డేల్ నల్లజాతి పిల్లలకు కూడా అందులో ప్రవేశం ఉంది. గాంధీజీ ఆయుధాన్ని మనవాళ్ళు ఇప్పుడు ఫొటోల కోసం ఒక పూట వాడుతున్నారు గనుక, ఆ పంతొమ్మిది రోజులను ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

నగర మేయరుకు ఓటు వేసే హక్కు లేని పౌరసత్వరహిత తల్లిదండ్రులకు షికాగోలో ఒక ఓటు ఉంది. 1988 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి పాఠశాలకు స్థానిక మండలి ఏర్పడింది. అందులో ఆరుగురు తల్లిదండ్రులకు చోటు. ప్రధానాచార్యుని ఎంపిక, బడ్జెటు ఆమోదం ఆ మండలి చేతిలో ఉంటాయి. తల్లి లేదా తండ్రి పౌరుడా కాదా అని ఆ ఎన్నికలో అడగరు. ఇళ్ళు తుడిచి బతికే స్త్రీ ప్రధానాచార్యుని ఎదురుగా కూర్చుని లెక్క అడగగలదు. హక్కు అంటే ఏమిటో ఉపన్యాసంలో విన్నవారి కంటే ఆమెకు బాగా తెలుస్తుంది.

ఇక సహాయ కేంద్రాలు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దశాబ్దాలు గడిపినవాడిగా నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించినవి ఇవే. దరఖాస్తు పత్రాన్ని చూసి మనిషి ఎంత భయపడతాడో కౌంటరుకు ఇవతల కూర్చున్న నాకు తెలుసు. లాటినోలకు తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి; అమెరికా ఫారంలో గడి ఒకటే. ఒక చోట ఒకటి, మరొక చోట మరొకటి రాస్తే, పదేళ్ళ తర్వాత ఇద్దరు వేర్వేరు మనుషులుగా తేలుతారు. ఇంటిపేరు గడిలో ఏం రాయాలో తెలియక పాస్‌పోర్టు కార్యాలయం చుట్టూ తిరిగిన మన ముస్లిం కుటుంబాలకు ఈ బాధ వివరించనక్కరలేదు.

అంతకంటే ప్రమాదకరమైనది 'నొటారియో' అనే మాట. లాటిన్ అమెరికా దేశాల్లో నొటారియో అంటే ఉన్నత న్యాయవిద్య చదివిన అధికారి. అమెరికాలో నోటరీ అంటే సంతకానికి సాక్షిగా ముద్ర వేసేవాడు మాత్రమే. ఈ తేడా తెలియనివారిని వలస వచ్చిన సమాజంలోని మోసగాళ్ళే బోర్డులు పెట్టి దోచుకుంటారు; తప్పుడు దరఖాస్తు పంపి, అప్పటిదాకా ఎవరి కంటా పడని మనిషిని స్వయంగా ప్రభుత్వం కంట పడేస్తారు. దీనికి విరుగుడు కూడా అక్కడి చట్టంలోనే ఉంది. న్యాయవాది కాకపోయినా, గుర్తింపు పొందిన సేవాసంస్థలో పనిచేస్తూ న్యాయశాఖ అనుమతి పొందిన ప్రతినిధి వలస కేసుల్లో సహాయం చేయవచ్చు. సామాన్యుడు శిక్షణ పొంది పొరుగువాని తరఫున నిలబడే ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

అటువంటి సంస్థల్లో కొన్నింటి పుట్టుక చూడండి. గృహహింస బాధితులకు, తల్లులకు అండగా 1973లో పిల్సెన్‌లో స్త్రీలే స్థాపించుకున్నది 'ముహేరెస్ లాటినాస్ ఎన్ ఆక్సియోన్'. బీమా లేనివారికీ స్పానిష్‌లోనే వైద్యం అందించాలని 1989లో తెరిచిన ఆరోగ్య కేంద్రం పేరు 'ఆలీవియో', అంటే ఉపశమనం. 1990లో ఆరు కాథలిక్ చర్చిలు తలా 5,000 డాలర్లు వేసుకుని 'రిసరెక్షన్ ప్రాజెక్ట్' ప్రారంభించాయి. ఇళ్ళ నిర్మాణంతో మొదలైన ఆ సంస్థ నేడు వలస కేసుల సహాయం వరకు విస్తరించింది. ఆరు ప్రార్థనాలయాలు చందాలు ఒక్కచోట వేయడం ఎంత కష్టమో మసీదు కమిటీల్లో కూర్చున్నవారికి తెలుసు.

నగర ప్రభుత్వం కూడా కొంత చేసింది; చేయక తప్పని స్థితి కల్పించారు కాబట్టి చేసింది. నల్లజాతి, లాటినో ఓట్ల కలయికతో 1983లో గెలిచిన మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్, నగర సేవల కోసం వచ్చినవారి వలస స్థితిని ఉద్యోగులు అడగరాదని 1985లో ఆదేశించాడు. వార్డుల సరిహద్దులు అన్యాయంగా గీశారని కోర్టుకు వెళ్ళి గెలిచిన ఫలితంగా 1986లో ఏడు వార్డుల్లో మళ్ళీ ఎన్నికలు జరిగాయి, లాటినో సభ్యులు పెరిగారు. 2018లో నగరమే గుర్తింపు కార్డు ఇవ్వసాగింది. ఈ రక్షణలు ఉన్నా ఫెడరల్ అధికారులు నగర వీధుల్లోకి రాకుండా అవి ఆపలేవు. నగర పోలీసు వారికి తోడు వెళ్ళకుండా మాత్రమే ఆపగలవు.

రాష్ట్ర ప్రభుత్వాన్ని ఒక విషయంలో తప్పుపట్టక తప్పదు. కాగితాలు లేని 42 నుంచి 64 ఏళ్ళవారికి 2022లో ఇలినాయి రాష్ట్రం ప్రారంభించిన ఆరోగ్య పథకాన్ని నిధుల కొరత పేరుతో 2025 జూలై 1న ముగించింది. రెండు నెలలకు దాడులు మొదలయ్యాయి. మధుమేహానికి మందులు వాడుతున్న మనిషి ఒకే వేసవిలో మందులకూ వీధికీ దూరమయ్యాడు. మిత్రులమని చెప్పుకునే ప్రభుత్వాలు పొదుపు ఎక్కడి నుంచి మొదలుపెడతాయో ఇక్కడ తెలుస్తుంది.

భయం మరొక చోట కూడా నష్టం చేస్తుంది. 2020 జనగణనలో దేశం మొత్తం మీద లాటినోలను దాదాపు 5 శాతం తక్కువగా లెక్కించినట్టు అమెరికా జనగణన సంస్థే తర్వాత అంగీకరించింది. తలుపు తట్టినవారు ఎవరో తెలియక తెరవని ఇల్లు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని మనిషికి రావలసిన నిధులు, వార్డులు వేరొకరికి వెళతాయి. తర్వాతి జనగణన 2030లో. ఇప్పటి భయం ఆ లెక్కలో ఎంత కోత పెడుతుందో ఊహించవచ్చు.

దాడుల గురించి పత్రికలు రాస్తాయి. అద్దెల గురించి రాసేవారు తక్కువ. పిల్సెన్ నుంచి గత పాతికేళ్ళలో వేలాది మెక్సికన్ కుటుంబాలు అద్దెలు కట్టలేక వెళ్ళిపోయాయి. 1970ల నుంచి అక్కడ 'కాసా అజ్‌త్లాన్' అనే సేవాకేంద్రం ఉండేది. బయటి గోడల నిండా ఉద్యమ నాయకుల చిత్రాలు. 2013లో అది మూతపడింది. భవనాన్ని కొన్న వ్యాపారి 2017లో ఆ చిత్రాల మీద రంగు పూయించాడు. పేట అంతా భగ్గుమంటే, తొలుత ఆ బొమ్మలు వేసిన చిత్రకారుడు రే పత్లాన్‌నే పిలిచి మళ్ళీ వేయించారు. గోడ బాగానే ఉంది. లోపల ఆంగ్లం నేర్పిన తరగతులు తిరిగి రాలేదు. సహాయ కేంద్రం ఉన్న పేటలో సహాయం కావలసినవారు ఉండలేకపోతే, ఎంత మంచి సంస్థ అయినా ఎవరికి సేవ చేయాలి?

ఇక మన సంగతి. షికాగోలోని డెవన్ వీధి హైదరాబాదీలకు పాతబస్తీ కొనసాగింపు వంటిది. అక్కడి ఓటర్లకు చట్టరీత్యా స్పానిష్‌తో పాటు హిందీలో కూడా బ్యాలెట్ ఇస్తారు. దానికి ఆధారమైన 1975 నాటి సవరణ కోసం ఒత్తిడి తెచ్చినవారిలో లాటినో సంస్థలు ముందున్నాయి. నైరుతి షికాగోలో 63వ వీధి మీద ముస్లింలు నెలకొల్పిన 'ఇమాన్' అనే సంస్థ ఆరోగ్య కేంద్రం నడుపుతోంది. అక్కడి ఇరుగుపొరుగులో అధికులు లాటినోలు, నల్లజాతివారు. ఇంత దగ్గర సంబంధం ఉన్నా, "మేము వీసాతో వచ్చాం, వాళ్ళు సరిహద్దు దూకి వచ్చారు" అనే మాట అక్కడి మనవాళ్ళ నోట వినబడుతూనే ఉంటుంది. 2025 సెప్టెంబరులోనే అమెరికా సుప్రీంకోర్టు లాస్ ఏంజెలెస్ కేసులో, రూపం, భాష, పని, నిలబడిన చోటు మాత్రమే చూసి మనుషులను ఆపరాదన్న కింది కోర్టు ఉత్తర్వును నిలిపివేసింది. గోధుమ రంగు ముఖాన్ని దూరం నుంచి చూసే అధికారికి వీసా కనబడదు.

షికాగోలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలతో ఈ నెల ఫోనులో మాట్లాడేటప్పుడు రెండు మాటలు అడగమని పాఠక సోదర సోదరీమణులకు మనవి. వారి వీసా కాగితాలు చూస్తున్నది న్యాయవాదా, అనుమతి పొందిన ప్రతినిధా, లేక బోర్డు పెట్టుకున్న మధ్యవర్తా? తమ వీధిలో పనిచేసే సహాయ కేంద్రానికి ఆదివారం పూట ఒక గంట వెళ్ళి, ఫారాలు నింపే పనిలో చేయి కలపడానికి వీలవుతుందా?