నలభై దాటాక... మళ్లీ పరీక్ష!

180 మీటర్ల పొడవున్న రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. పట్టాల పక్కనున్న స్తంభాన్ని దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?

ఇంటర్ చదివే అమ్మాయి చేయాల్సిన లెక్క. కానీ రాత్రి పదకొండింటికి దీంతో కుస్తీ పడుతున్నది అమ్మాయి కాదు, వాళ్ల నాన్న. వయసు నలభై మూడు. అనుభవం పద్దెనిమిదేళ్లు. మొన్నటిదాకా ఇరవై మందితో పని చేయించిన మనిషి. ఉద్యోగం పోయి మూడు నెలలైంది. రేపు పొద్దున పదింటికి ఓ కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష పెడుతోంది. మియాపూర్‌లోనో, కూకట్‌పల్లిలోనో, విశాఖ మధురవాడలోనో... ఆ ఇల్లు ఎక్కడైనా ఉండొచ్చు. ఆ నాన్న ఎవరైనా కావచ్చు.

ఐటీ ఉద్యోగాలకు గండం కొత్తేమీ కాదు. 2000లో డాట్‌కామ్ బుడగ పేలాక చూశాం. 2008 మాంద్యంలో చూశాం. 2022 చివర్లో మళ్లీ మొదలైంది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. వారిలో ఎక్కువమంది మధ్య, పైస్థాయుల వాళ్లేనని కూడా చెప్పింది. అంటే, నిన్నటిదాకా బల్లకు ఇటువైపు కూర్చుని ప్రశ్నలు అడిగినవాళ్లు. ఇప్పుడు అటువైపు కుర్చీలో కూర్చోవాలి. అంతకన్నా ముందు, కెమెరా పెట్టిన కంప్యూటర్ తెర ముందు కూర్చోవాలి.

రెండో దెబ్బ

ఉద్యోగం పోవడం మొదటి దెబ్బ. దానికి కారణాలు చెప్పుకోవచ్చు. ప్రాజెక్టు ఆగిపోయింది, అమెరికా క్లయింటు ఖర్చు తగ్గించుకున్నాడు, డిపార్ట్‌మెంటే ఎత్తేశారు... ఇలా. అందులో తన తప్పేమీ లేదని కనీసం తనకైనా చెప్పుకోవచ్చు.

పరీక్ష పోతే? చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. గంటసేపు రాస్తారు. మర్నాడు రెండు వాక్యాల మెయిల్ వస్తుంది... ‘ఈసారికి ముందుకు వెళ్లలేకపోతున్నాం’ అని. ఎన్ని మార్కులొచ్చాయో చాలాసార్లు చెప్పరు. ఎక్కడ తప్పారో అసలే చెప్పరు. దాంతో ఆ మెయిల్‌ని మనిషి తనకు తోచినట్టు చదువుకుంటాడు. ‘పాత కంపెనీ వాళ్లు నన్నే ఎందుకు తీసేశారో ఇప్పుడు అర్థమైంది’ అనుకుంటాడు. మన నాన్న మొదటి పరీక్ష అలాగే పోయింది. ఆ సంగతి భార్యకు చెప్పడానికి రెండ్రోజులు పట్టింది. కూతురికి ఇప్పటికీ చెప్పలేదు.

నిజానికి ఆ మెయిల్ చెప్పిన విషయం చాలా చిన్నది. ఆ రోజు, ఆ గంటలో, ఆ ప్రశ్నలకు, ఆ కంపెనీ గీసుకున్న గీత దాటలేదు. అంతే! ఆ గీతకూ పద్దెనిమిదేళ్ల పనితనానికీ ఉన్న సంబంధం ఎంత? ఈ ప్రశ్న ఈనాటిది కాదు. కోర్టు దాకా వెళ్లింది కూడా.

సైన్యంలో పుట్టి... ఆఫీసుకొచ్చి

1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు అమెరికాకు ఓ చిక్కొచ్చింది. లక్షల్లో చేరుతున్నవారిలో ఎవరిని ఏ పనిలో పెట్టాలి? రాబర్ట్ యెర్కీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం రెండు పరీక్షలు తయారుచేసింది. చదువొచ్చినవాళ్లకు ‘ఆర్మీ ఆల్ఫా’, రానివాళ్లకు బొమ్మలతో ‘ఆర్మీ బీటా’. యుద్ధం ముగిసేలోగా 17 లక్షల మందికి పైగా వాటిని రాశారు. తర్వాత ఇలాంటి పరీక్షలు ఫ్యాక్టరీల్లోకీ ఆఫీసుల్లోకీ వచ్చేశాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో బ్రిటన్ అధికారుల ఎంపికకు ప్రత్యేక బోర్డులు పెట్టింది. అభ్యర్థులను కొన్ని రోజులపాటు ఒకచోట ఉంచి, బృందాలుగా పనులు అప్పగించి గమనించేవారు. మన సైన్యంలో అధికారులను ఎంపిక చేసే ఎస్సెస్బీ ఇంటర్వ్యూలకు మూలం అదే.

ఇక కోర్టు సంగతి. అమెరికాలోని నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ ఉండేది. అక్కడ నల్లజాతి కార్మికులకు అన్నిటికన్నా తక్కువ జీతమున్న విభాగంలోనే పని ఇచ్చేవారు. ఉద్యోగాల్లో అలాంటి వివక్షను నిషేధిస్తూ చట్టం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజు నుంచే కంపెనీ కొత్త నిబంధన పెట్టింది. మంచి విభాగాల్లో చేరాలంటే రెండు పరీక్షలు పాసవ్వాలి! పదమూడు మంది కార్మికులు కోర్టుకెక్కారు. విచారణలో తేలిందేమిటంటే... ఆ పరీక్షలు రాయని పాత ఉద్యోగులు అవే పనులు చక్కగా చేస్తున్నారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కార్మికుల పక్షాన తీర్పు చెప్పింది. దాని సారాంశం- పరీక్ష కొలవాల్సింది ఆ పనికి ఆ మనిషి తగునా అన్నది. అంతేకానీ మనిషి ఎక్కువా తక్కువా అన్నది కాదు.

ఇక్కడ దరఖాస్తు పెట్టుకునేవారికి ఆ తీర్పు కోర్టులో అక్కరకు రాకపోవచ్చు. మనసుకు మాత్రం వస్తుంది.

పరిశోధనలూ దాదాపు అదే దారిలో నడిచాయి. ఉద్యోగుల ఎంపిక పద్ధతుల మీద దశాబ్దాలుగా జరిగిన అధ్యయనాల లెక్కలను పాల్ శాకెట్ బృందం 2022లో తిరగేసింది. అందరినీ ఒకే క్రమంలో, ఒకేలాంటి ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూ అన్నిటికన్నా ముందు నిలిచింది. ఆ పనికి సంబంధించిన పరిజ్ఞానాన్ని అడిగే పరీక్ష దాని వెన్నంటే ఉంది. సాధారణ తెలివితేటల పరీక్షలు పనికొస్తాయి కానీ, అంతకుముందు అనుకున్నంత కాదని తేలింది. మరి కంపెనీలు వాటిని ఎందుకు వదలవు? ఒక ఉద్యోగానికి వేల దరఖాస్తులు వస్తే అందరినీ పిలిచి మాట్లాడటం కుదరదు. జల్లెడ కావాలి. ఈ పరీక్ష జల్లెడే, తక్కెడ కాదు.

ఏ పరీక్ష ఏం చూస్తుంది?

జల్లెడ అని తెలిశాక దాని కన్నాలు ఎంత ఉన్నాయో చూసుకోవడమే తెలివైన పని. పేర్లు ఎన్ని ఉన్నా ఈ పరీక్షలు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది ఆప్టిట్యూడ్. రైళ్లు, పడవలు, శాతాలు, రక్త సంబంధాలు, ఇంగ్లిష్ పేరాలు. ఇందులో తెలివితో పాటు వేగానికీ పరీక్షే. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని నిన్నగాక మొన్న బయటికొచ్చిన కుర్రాడికి ఇవి వేళ్ల మీద ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందట వదిలేసినవారికి తుప్పు పట్టి ఉంటాయి. పట్టింది తుప్పే, ఇనుము ఎక్కడికీ పోలేదు. ఒకసారి రాసినవారు రెండోసారి రాస్తే మార్కులు సగటున కొంత పెరుగుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే కావాలనుకున్న కంపెనీ పరీక్షే మొట్టమొదటి పరీక్ష కాకూడదు. ఇంట్లోనే గడియారం పెట్టుకుని నాలుగైదు నమూనా పరీక్షలు రాశాకే అక్కడికి వెళ్లాలి.

రెండోది సాంకేతిక పరీక్ష. కోడ్ రాస్తే కంప్యూటరే దిద్దుతుంది. అభ్యర్థికి కనిపించని లెక్కలు కొన్ని లోపల పెట్టి వాటికి జవాబు సరిగా వస్తోందా లేదా చూస్తుంది. మేనేజరయ్యాక కోడ్ ముట్టనివారు ఇక్కడే తడబడతారు. గొప్ప పరిష్కారం కోసం అరగంట ఆలోచించి ఏమీ రాయకపోవడం కన్నా, నెమ్మదిగా నడిచేదైనా సరైన జవాబిచ్చేది ముందు రాసిపెట్టడం మేలు. చాలాచోట్ల కొంత పనిచేసినా కొన్ని మార్కులొస్తాయి.

మూడోది సందర్భాన్ని ఇచ్చి ‘ఇప్పుడేం చేస్తారు?’ అని అడిగేది. గడువు రేపే, జట్టులో ఒకరు చేతులెత్తేశారు... ఇలాంటివి. అనుభవానికి విలువ దక్కేది ఇక్కడే. కుర్రాళ్లు ఊహించుకుని రాస్తారు, వీళ్లు గుర్తుచేసుకుని రాస్తారు.

నాలుగోది వ్యక్తిత్వ పరీక్ష. ‘కొత్తవాళ్లతో త్వరగా కలిసిపోతాను- అవును, కాదు’ తరహా ప్రశ్నలు వరసగా ఉంటాయి. ఉద్యోగం పోయిన భయంలో అన్నిటికీ ‘మంచి’ జవాబులే పెట్టాలనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికీ కొన్ని ప్రశ్నలుంటాయి. ‘నాకెప్పుడూ కోపం రాదు’ అన్న వాక్యానికి అవుననేవారు లోకంలో ఎందరుంటారు? ఒకే విషయాన్ని వేరే మాటల్లో మళ్లీ అడిగి జవాబులు పొసగుతున్నాయో లేదో కూడా చూస్తారు. ఆఫీసులో తాను మామూలుగా ఎలా ఉండేవారో తలచుకుని, ఉన్నదున్నట్టు చెప్పడమే సుఖం.

ఇవి కాక, అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పరీక్ష ఎంతసేపు, తప్పుకు మార్కులు తగ్గిస్తారా, కాలిక్యులేటర్ వాడొచ్చా, మధ్యలో కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలి... కంపెనీ హెచ్చార్‌ని ముందే అడగడం చిన్నతనమేమీ కాదు. అయితే, పరీక్షకో శిక్షణకో ముందు డబ్బు కట్టమన్నారంటే మాత్రం అది ఉద్యోగం కాదు, వల. అందులో పడి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

గడియారం కావాలి

చేతినిండా సమయం ఉంది కదా, చదువుకోవడానికేం... అంటారు చూసేవాళ్లు. ఆ సమయమే అసలు శత్రువు. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మరియంతాల్ అనే ఊళ్లో మిల్లు మూతపడింది. దాదాపు ఊరంతటికీ పని పోయింది. మేరీ యహోదా, ఆమె సహచరులు అక్కడికెళ్లి జనం ఎలా బతుకుతున్నారో గమనించి 1933లో పుస్తకంగా వేశారు. రోజంతా ఖాళీయే, అయినా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్లేవారు తగ్గిపోయారు. వీధిలో మగవాళ్ల నడక కూడా మందగించింది. జీతంతో పాటు రోజుకో ఆకారం కూడా పోతుందని ఆ ఊరు చూపించింది.

కాబట్టి చదువుకన్నా ముందు రోజుకు గడియారం కట్టాలి. పొద్దున రెండు గంటలు లెక్కలు, మధ్యాహ్నం దరఖాస్తులు, పాత సహోద్యోగులకు ఫోన్లు, సాయంత్రం నడక. రాత్రి పదకొండింటికి రైలు లెక్కలు చేయడం పరీక్షకు సిద్ధం కావడం కాదు, నిద్ర పాడుచేసుకోవడం. ఆ నిద్ర లేమి వారాల తరబడి సాగితే, బతుకు మీదే విరక్తి కలిగితే ఒంటరిగా మోయాల్సిన పనిలేదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి-మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే మాట్లాడేవారుంటారు.

ఇంట్లోవాళ్ల పరీక్ష

ఈ పరీక్ష ఒక్కరిదే కాదు, ఇంటిల్లిపాదిదీ. ‘ఏమండీ, ఎన్నొచ్చాయి?’ అని గుమ్మంలోనే అడిగితే సగం ప్రాణం పోతుంది. ‘పక్క ఫ్లాట్ ఆయనకు నెలలోపే వచ్చిందట’ అంటే మిగతా సగం. ‘ఎలాంటి ప్రశ్నలిచ్చారు?’ అని అడిగితే మాత్రం మాట మొదలవుతుంది. మాట మొదలైతే తప్పెక్కడో తెలుస్తుంది. ఆ తప్పును కాగితం మీద రాసి పెట్టుకుంటే తర్వాతి పరీక్షకు అదే పాఠం.

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చే రోజున తెలుగు ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లలకు చెప్పే మాట ఒకటుంది. ‘ర్యాంకు రాకపోతే ఏమైంది? ఇదొక్కటే జీవితమా?’ అని. పిల్లలకు చెప్పడం తేలికే. అదే మాట తనకు తాను చెప్పుకోవడం నలభై మూడేళ్ల వయసులో ఎంత కష్టమో ఆ నాన్నకు ఇప్పుడు తెలుస్తోంది.

మంచినీళ్ల కోసం లేచిన కూతురు హాల్లో లైటు చూసి ఆగింది. తండ్రి భుజం మీదుగా తెరలోకి తొంగిచూసింది.

‘‘ముందు దాన్ని సెకన్లలోకి మార్చు నాన్నా. 54ని అయిదు బై పద్దెనిమిదితో గుణిస్తే పదిహేను.’’

‘‘నూట ఎనభై బై పదిహేను... పన్నెండు సెకన్లు!’’ అన్నాడాయన. కాసేపాగి, ‘‘పోయిన నెల ఒక పరీక్ష పోయింది తల్లీ. నీకు చెప్పలేదు’’ అన్నాడు.

‘‘నాకు ఫిజిక్స్ వీక్లీ టెస్టులో పోయింది. నేనూ చెప్పలేదు.’’

ఇద్దరూ నవ్వుకున్నారు. లాప్‌టాప్ మూత పడింది. పొద్దున పదింటికి ఆ ఇంట్లో టీవీ మోగదు, కుక్కర్ విజిల్ తొమ్మిదిన్నరకే అయిపోతుంది. ఆయన గీత దాటతాడో లేదో ఇప్పుడే చెప్పలేం. దాటకపోతే మాత్రం ఈసారి ఆ సంగతి దాచుకోడు.